డిసెంబరులో అరకు: రైలు ప్రయాణం, ఇంటి భోజనం, చెత్త మిగలకుండా రెండు రోజులు – సలహాలు కావాలి

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. డిసెంబరు రెండో వారంలో అరకు వెళ్తున్నాం. మొత్తం ఆరుగురం: మేమిద్దరం, అత్తగారూ మామగారూ, ఎనిమిదేళ్ల బాబు, రెండేళ్ల పాప. రాజమండ్రి నుంచి ముందు రోజు రాత్రికి విశాఖ చేరి, పొద్దున అరకు మీదుగా పోయే కిరండూల్ రైలెక్కుతాం. అరకులో ఒక రాత్రి ఉండి మర్నాడు మధ్యాహ్నం అదే రైల్లో దిగుతాం. కారు వద్దని ముందే అనుకున్నాం.

వాటర్ బాటిళ్లు, పేపర్ ప్లేట్లు, థర్మాకోల్ డబ్బాలు ఏవీ కొనకుండా గడపాలని ఉంది. అలాగని పెద్దవాళ్లను పస్తు పెట్టలేం. మామగారికి షుగర్, వేళకి తినాలి. అడగాలనుకున్నవి ఇవి:

రైల్లో మధ్యాహ్నం వరకు చెడిపోని భోజనం ఏం కట్టుకోవాలి, ఎంత కట్టుకోవాలి? మంచినీళ్ల సంగతేంటి, ఆరుగురికి మోయడం కష్టం కదా? విస్తరాకులు తీసుకెళ్తే వాడాక ఏం చేయాలి? పాప డైపర్లు? ఇక అరకులో అక్కడ పండినవే తినాలంటే ఏం అడగాలి? విస్టాడోమ్ అద్దాల బోగీ మంచిదా, మామూలు బోగీ మంచిదా అన్నది కూడా ఎవరైనా చెప్తే సంతోషం.

---

కేకే_లైను:

రైలు సంగతి నేను చెప్తాను, వంట సంగతి తెలిసినవాళ్లు చెప్తారు.

బండి విశాఖలో పొద్దున ఏడు లోపే కదులుతుంది, అరకుకి పదకొండు ప్రాంతంలో చేరాలి. చేరాలి అనే అంటున్నాను. ఈ లైను 1960లలో బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం విశాఖ రేవుకి దించడానికి వేసింది. ఇవాళ్టికీ గూడ్సులదే రాజ్యం. క్రాసింగ్ పడితే చిన్న స్టేషన్లో అరగంట నిలబెట్టేస్తారు. వానాకాలంలో కొండచరియలు పడి బండ్లు రద్దవుతుంటాయి, డిసెంబరులో ఆ బెడద తక్కువ. అందుకని భోజనం పదకొండున్నరకి అరకులో అని కాకుండా, ఒంటిగంటకి రైల్లోనే తినాల్సి వచ్చినా సరిపోయేలా కట్టుకోండి. షుగర్ ఉన్న పెద్దాయన ఉన్నారు కాబట్టి ఇది ముఖ్యం.

కొత్తవలస, శృంగవరపుకోట వరకు మైదానమే. బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలు. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, ఆ తర్వాత అరకు. చూడాల్సిందంతా ఈ మధ్యలోనే ఉంది. సొరంగాలు పదుల సంఖ్యలో వస్తాయి. శిమిలిగుడ స్టేషన్ దాదాపు 1000 మీటర్ల ఎత్తు. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీలు పట్టుకోండి, లోయ ఎక్కువసేపు అటే ఉంటుంది. వచ్చేటప్పుడు ఎడమ. పొద్దున టిఫిన్ శృంగవరపుకోట లోపే ముగించేయండి. ఘాట్ మొదలయ్యాక డబ్బాలు తెరిస్తే అటు తిండీ ఉండదు, ఇటు చూపూ ఉండదు.

విస్టాడోమ్ ఏసీ బోగీ, పైన కూడా అద్దాలు, సీటు తిప్పుకోవచ్చు. పెద్దవాళ్ల నడుముకి హాయి. కానీ కిటికీ తెరుచుకోదు, ఫొటోల్లో అద్దం మెరుపు పడుతుంది, కొండగాలి తగలదు. సీట్లు తక్కువ, రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, డిసెంబరు టికెట్లు ఆ రోజే అయిపోతాయి. నన్నడిగితే పెద్దవాళ్లకి దొరికితే అది, మీకు మామూలు రిజర్వేషన్ బోగీ. అయితే పాపని కిటికీ దగ్గర కూర్చోబెడితే చెయ్యి బయట పెట్టనీయొద్దు. సొరంగం గోడ చాలా దగ్గరగా వెళ్తుంది.

రైల్లో టీ అమ్మేవాళ్లు పేపర్ కప్పులో పోస్తారు. ఆ కప్పు ఉత్త కాగితం కాదు, లోపల పల్చటి పాలిథీన్ పూత ఉంటుంది. అందుకే అది మట్టిలో కలవదు, మామూలు కాగితంతో పాటు రీసైక్లింగుకీ పోదు. మీ స్టీలు గ్లాసులు చేతిలో పట్టుకుని, ఆయన కప్పు తీయకముందే చాపండి. తీశాక చెప్తే ఆ కప్పుతో కొలిచి మీ గ్లాసులో పోసి, కప్పు బయట పారేస్తారు.

---

పోపులపెట్టె:

భోజనం నా వంతు.

మధ్యాహ్నానికి పులిహోర, దద్దోజనం. రెండూ పాతకాలపు ప్రయాణం తిండే, కానీ రెండూ పాడు చేసుకోవడం కూడా సులువే.

పులిహోర ఆరుగురికి, అందులో ఇద్దరు పిల్లలు కాబట్టి: బియ్యం 700 గ్రాములు, చింతపండు 110–120 గ్రాములు, నువ్వుల నూనె 120 మి.లీ., పచ్చిమిర్చి పన్నెండు, ఎండుమిర్చి ఆరు, పసుపు చెంచాన్నర, ఉప్పు 25 గ్రాముల నుంచి 30 దాకా, గోలీ అంత బెల్లం. పాప కోసం మిర్చి కలపకముందే కొంచెం అన్నం పక్కకి తీయండి. పాత బియ్యమైతేనే పలుకు నిలుస్తుంది.

చింతపండు గుజ్జుని ముందు రోజు సాయంత్రమే ఉడికించి పెట్టుకోవాలి. పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు, సగం నూనె వేసి సన్న సెగ మీద నూనె అంచుల్లో పైకి తేలేదాకా. ఇక్కడే చాలామంది తొందరపడతారు. గుజ్జులో నీరు మిగిలితే అన్నం మధ్యాహ్నానికి జిగటగా అయి పుల్ల వాసన కొడుతుంది. గుజ్జు గరిటె నుంచి జారకుండా ముద్దగా పడాలి.

తెల్లవారుజామున మూడున్నరకి అన్నం వండి, పెద్ద పళ్లెంలో పరిచి, మిగతా నూనె చల్లి, ఫ్యాను కింద ఆరబెట్టాలి. కరివేపాకు పచ్చిది ఆ వేడిలోనే పడేయండి. పూర్తిగా చల్లారాకే గుజ్జు, పోపు కలిపి డబ్బాకి ఎక్కించాలి. గోరువెచ్చగా ఉండగా మూత పెడితే ఆవిరి మూతకి పట్టి నీళ్లై కిందికి కారుతుంది. పులిహోర పాడైందంటే పదింట తొమ్మిదిసార్లు కారణం అదే. వేరుశనగలు పోపులో వేయకుండా వేయించి చిన్న డబ్బాలో విడిగా పెట్టుకుని తినేముందు కలపండి, లేకపోతే మెత్తబడతాయి.

మీరు విశాఖలో హోటల్లో దిగితే వంట కుదరదు కదా. అప్పుడు గుజ్జూ పోపూ రాజమండ్రిలోనే చేసి స్టీలు డబ్బాలో తెచ్చుకోండి, అది రెండు మూడు రోజులు నిలుస్తుంది. పొద్దున హోటలు వాళ్లతో అన్నం మాత్రం వండించుకుని మీ పళ్లెంలో ఆరబెట్టి కలుపుకోండి. రాత్రి మిగిలిన అన్నం మాత్రం వద్దు. వండిన అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే అందులో బ్యాక్టీరియా విషం తయారవుతుంది, మళ్లీ వేడి చేసినా అది పోదు. చింతపండు పులుపు కొంత కాపాడుతుంది కానీ, నిన్నటి అన్నాన్ని ఇవాళ్టిది చేయదు.

దద్దోజనానికి బియ్యం 250 గ్రాములు, మామూలు కంటే ఎక్కువ నీళ్లతో మెత్తగా. వేడి మీదే మెదిపి, కాచిన పాలు అర లీటరు పోసి కలపాలి. వేలు పెడితే గోరువెచ్చగా అనిపించే దాకా ఆగి, అప్పుడు పెరుగు రెండు చెంచాలు మాత్రమే. డబ్బాలో అది తోడుకుంటూ మధ్యాహ్నానికి కమ్మటి దద్దోజనం అవుతుంది. వేడిలో పెరుగు వేస్తే పాలు విరుగుతాయి. పెరుగు ఎక్కువేస్తే పదకొండుకే పులిసిపోతుంది. కీరా, ఉల్లిపాయ కలపొద్దు, నీరు ఊరుతుంది. అల్లం, పచ్చిమిర్చి, మిరియాలు చాలు. ఇది పన్నెండున్నర లోపు తినేయాలి, పులిహోర ఆ తర్వాతైనా ఫరవాలేదు.

మామగారికి అన్నం మీద అన్నం వద్దు. జొన్నరొట్టెలు నాలుగు, నూనె తేలిన గోంగూర పచ్చడి, ఉడికించిన శనగలు ఓ డబ్బా. జొన్నరొట్టె గట్టిపడకుండా ఉండాలంటే వేడినీళ్లతో పిండి కలిపి కాల్చి, కాటన్ గుడ్డలో చుట్టి ఆ పైన డబ్బా. అల్యూమినియం ఫాయిల్ అక్కర్లేదు. చేతిసంచిలో వేయించిన వేరుశనగలు, ఒక జామకాయ ఎప్పుడూ ఉంచండి, బండి ఆగిపోతే అవే ఆదుకుంటాయి.

---

అడ్డాకు:

విస్తళ్ల గురించి.

అరకు, పాడేరు అడవుల్లో అడ్డతీగ అని పెద్ద తీగ ఉంటుంది. దాని ఆకులు కోసి, ఎండబెట్టి, వెదురు పుల్లలతో కుట్టినవే అడ్డాకు విస్తళ్లు. ఆ ఆకు కోసేది, కుట్టేది ఎక్కువగా గిరిజన ఆడవాళ్లే. కాబట్టి రాజమండ్రిలో విస్తళ్ల కోసం వెతకనక్కర్లేదు. రైలు భోజనానికి స్టీలు ప్లేట్లు తీసుకెళ్లి, అరకులో వాడుకోవడానికి అక్కడి సంతలోనో అంగట్లోనో ఓ కట్ట కొనండి.

కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి. మిషన్ మీద అచ్చు ఒత్తిన గుండ్రటి ఆకు ప్లేట్లలో చాలావాటికి ఆకుల మధ్యనో అడుగునో ప్లాస్టిక్ కాగితం ఉంటుంది, కొన్నింటికి అట్ట. అంచు కొంచెం చింపి చూడండి, సాగితే ప్లాస్టిక్. అగ్గిపుల్ల పెడితే కరిగి బొట్టుగా కారుతుంది. ఉత్త ఆకైతే బూడిద అవుతుంది. పైకి ఆకే కనిపిస్తుంది కాబట్టి పర్యావరణ హితం అని ఇవే ఎక్కువ ధరకి అమ్ముతారు.

పుల్లలతో కుట్టిన విస్తరి ఎండి ఉంటుంది, అలాగే పరిచి వేడి అన్నం పెడితే పగులుతుంది. వడ్డించడానికి పది నిమిషాల ముందు రెండు వైపులా నీళ్లు చిలకరించి ఒకదాని మీద ఒకటి పేర్చి తడిగుడ్డ కప్పండి. పులుసు, చారు పోయాలంటే రెండు విస్తళ్లు కలిపి వేయాలి.

వాడాక ఏం చేయాలన్నది అసలు ప్రశ్న. ఆకే కదా అని రోడ్డు పక్కన విసిరేయకూడదు. ఆకు కుళ్లుతుంది, నిజమే, కానీ దాని మీద మిగిలిన అన్నానికి కుక్కలు, కోతులు చేరతాయి. ఆవులు పుల్లలతో సహా నమిలేస్తాయి, వెదురు పుల్ల గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. ఎంగిలి విడిగా తుడిచి, పుల్లలు లాగేసి, ఆకులు మడిచి, బస దగ్గర పెరటి గుంతలో వేయించండి. హోంస్టేలలో చాలావాటికి పెంట గుంత ఉంటుంది, ముందే అడిగితే చూపిస్తారు. లాడ్జి అయితే ఆకుల్ని కూడా మీతో కిందికి తేవడమే. ఎండిన ఆకు బరువేం ఉండదు.

ప్రభుత్వం ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు 2022 జూలై 1 నుంచి నిషేధించింది. వాటర్ బాటిల్ ఆ జాబితాలో లేదు. అందుకే కొండ మీద కాళ్లకి తగిలే చెత్తలో ఇప్పుడు ఎక్కువ అదీ, చిప్స్ కవర్లూ.

---

కేకే_లైను:

బాటిల్ మాటొచ్చింది కాబట్టి నీళ్లు కూడా చెప్పేస్తాను.

చలికాలంలో తలా రెండు లీటర్లు తాగడానికి చాలు. ఆరుగురికి రోజుకి పన్నెండు లీటర్లు, అంటే పన్నెండు కిలోలు. మోయలేరు. రైలు వరకు ఆరు లీటర్లు, తలా ఒక స్టీలు సీసా. మిగతాది అరకులో. గది తీసుకోగానే 20 లీటర్ల క్యాను ఒకటి తెప్పించమనండి. ఖాళీ క్యాను వెనక్కి పోతుంది కాబట్టి ఇరవై లీటరు బాటిళ్లు తప్పినట్టే. సీలు చూసి తీసుకోండి. క్యాను ఎత్తి సన్నమూతి సీసాలో పోయడం పెద్ద తంటా, ఓ చిన్న స్టీలు గరాటు పెట్టుకోండి. ఇది మర్చిపోయే చాలామంది మళ్లీ బాటిళ్లు కొంటారు.

క్యాను దొరక్కపోతే కాచుకోవాలి. అరకు ఎత్తులో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, ఆ వేడి సూక్ష్మజీవులకి సరిపోతుంది. కళపెళ మరగడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచితే చాలు, పావుగంట కాచక్కర్లేదు. మట్టిగా ఉంటే ముందు నాలుగు మడతల కాటన్ గుడ్డతో వడకట్టండి. కెటిల్ తీసుకెళ్తే 1500 వాట్లది వద్దు. పాత గదుల్లో ఉండేవి 6 ఆంపియర్ల ప్లగ్గులు, అవి 1300 వాట్ల పైన తట్టుకోవు. ఫ్యూజు పోతే రాత్రి పూట చలిలో ఎలక్ట్రీషియన్ దొరకడు. 600 వాట్లది నిదానంగా కాగుతుంది, అంతే తేడా.

---

కొండసంత:

అరకులో అక్కడివే తినాలంటే మెనూ కార్డు చూడకండి, ముందు రోజే అడగండి. నార్త్ ఇండియన్ థాలీ, గోబీ మంచూరియాకి సరుకంతా విశాఖ నుంచి లారీలో ఎక్కుతుంది. కొండ మీద పండేవి చోళ్లు (రాగులు), సామలు, రాజ్‌మా, కందులు, చిలగడదుంప, గుమ్మడి, పసుపు, అల్లం, మిరియాలు, కాఫీ. హోంస్టే వాళ్లకి వచ్చే ముందు రోజు ఫోన్ చేసి పొద్దున చోడి అంబలి, మధ్యాహ్నం సామల అన్నం, రాజ్‌మా కూర అని చెప్తే చేస్తారు. అప్పటికప్పుడు అడిగితే కుదరదు, రాజ్‌మా ఎనిమిది గంటలు నానాలి, అంబలి పిండి రాత్రే పులియాలి. షుగర్ ఉన్నవాళ్లకి అంబలి మంచిదే అంటారు కానీ అదీ పిండిపదార్థమే, ఒక గ్లాసు దగ్గర ఆపి పక్కన శనగలో గుడ్డో పెట్టండి.

బొంగులో చికెన్ గురించి రెండు మాటలు. మంచి బొంగు పచ్చిగా ఉండాలి. ఒక కణుపు అడుగుగా ఉంచి కోసి, ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించిన ముక్కల్ని ముప్పావు వంతే నింపి, మూతి ఆకులతో బిగించి, నిప్పుల మీద తిప్పుతూ అరగంట నుంచి నలభై నిమిషాలు కాలుస్తారు. నూనె, నీళ్లు అక్కర్లేదు. పచ్చి వెదురులో ఉన్న తడే ఆవిరై మాంసాన్ని ఉడికిస్తుంది. బొంగు ఎండిందైతే అది కాలి చిల్లుపడుతుంది, ముక్క మాత్రం ఎముక దగ్గర ఎర్రగా పచ్చిగా మిగులుతుంది. నిండా కుక్కినా అంతే, మధ్యలో ఆవిరి ఆడదు. ముక్క విరిచి ఎముక దగ్గర చూసుకున్నాకే పిల్లలకి పెట్టండి. కళ్లు చెదిరే ఎరుపుంటే రంగు కలిపారని అర్థం. రోడ్డు పక్క బండి దగ్గర ప్లాస్టిక్ డబ్బాలో కట్టిస్తామంటారు, మీ స్టీలు డబ్బా ఇవ్వండి లేదా అక్కడే ఆకులో తినేయండి.

సంతకి వెళ్తే చిల్లర, గుడ్డ సంచులు నాలుగు తీసుకెళ్లండి. ఫోన్ పేమెంటుకి సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు. ఏ ఊళ్లో ఏ రోజు సంతో బస దగ్గర అడిగితే చెప్తారు. రాజ్‌మా కొనేటప్పుడు గుప్పెడు తీసి అరచేతిలో పరిచి చూడండి, చిన్న గుండ్రటి చిల్లు కనబడితే పురుగు పట్టింది.

---

అడ్డాకు:

కొండసంత గారూ, బొంగు చికెన్‌ని చాలామంది పర్యావరణ హితం అంటారు, అది నాకు ఒప్పుదల కాదు. ప్లాస్టిక్ లేదు, నూనె లేదు, సరే. కానీ వెదురు పొద నిలబడాలంటే మూడేళ్లు దాటిన బొంగుల్నే నరకాలి. లేత బొంగులే తర్వాతి ఏడాది పిలకలకి బలం. బొంగు చికెన్‌కి కావాల్సింది పచ్చిది, తడి ఉన్నది, అంటే చాలాసార్లు లేతదే. సీజన్లో రోజూ రోడ్డు పొడవునా బండ్లు, ఒక్కో బొంగూ ఒక్కసారికే. కాల్చిన బొంగులు బండ్ల వెనక గుట్టలుగా పడి ఉంటాయి చూడండి.

---

కొండసంత:

మీ మాట కాదనను. వెదురు గడ్డిజాతి, నరికితే మళ్లీ వస్తుంది అన్నది నిజమే, కానీ ఎంత నరికినా వస్తుందని కాదు. మానేయమని మాత్రం చెప్పను, అది అక్కడివాళ్ల వంటే, వాళ్ల ఆదాయం. మనిషికో బొంగు కాకుండా అందరికీ కలిపి ఒక పెద్ద బొంగు చెప్పండి. సైజుని బట్టి అరకిలో నుంచి కిలో దాకా పడుతుంది. మిగతా భోజనం రాజ్‌మా, కూరలతో. ఒక పూట, ఒక బొంగు. పనీరు బొంగు, బిర్యానీ బొంగు అని కొత్తవి వచ్చాయి, వాటికి వెదురు ఖర్చు తప్ప రుచిలో వచ్చేదేమీ లేదు.

---

తడిపొడి:

డైపర్ల సంగతి ఎవరూ ముట్టుకోలేదు.

రెండేళ్ల పాపకి రెండు రోజులకి గుడ్డవి పది పెట్టుకోండి. ఆరేసి మళ్లీ వాడదామనుకోవద్దు, డిసెంబరులో అరకులో పొద్దున తొమ్మిది దాకా మంచే, రాత్రి పది డిగ్రీల కిందికి పోవచ్చు, గుడ్డ ఆరదు. రాత్రికి మాత్రం రెండు కొన్న డైపర్లు వాడుకోండి, చలిలో పాపని తడిలో ఉంచడం కంటే అదే నయం. వాడినవి పాత న్యూస్‌పేపర్లో చుట్టి, గాలి చొరని డబ్బాలో వేసి విశాఖ తెచ్చి, అక్కడ చెత్త తీసుకునేవాళ్లకి విడిగా, ఇది డైపర్ అని చెప్పి ఇవ్వండి. తడి చెత్తలో కలపొద్దు. కొండ మీద లాడ్జి చెత్తడబ్బాలో వేస్తే అది ఎక్కడికి చేరుతుందో ఊహించుకోవచ్చు, చాలావరకు ఊరి చివర గెడ్డ (వాగు) గట్టునే కాలుస్తారు. శానిటరీ ప్యాడ్లకీ ఇదే పద్ధతి.

సామాన్లో రెండు సంచులు, ఒక డబ్బా వేరుగా ఉంచండి. ఒక సంచి పొడి చెత్తకి, ఒకటి తడి గుడ్డలకి, డబ్బా ఎంగిలికి. అరటి తొక్కలు కూడా ఆ డబ్బాలోకే. బొర్రా దగ్గర కోతులు చాలా ఎక్కువ, తొక్క విసిరితే తర్వాత వచ్చే పిల్లల చేతిలోంచి లాక్కుంటాయి. అక్కడ డబ్బా, సంచి ఏదైనా సరే జిప్పు వేసి ముందువైపు పట్టుకోండి. గుహ లోపల సున్నపురాయి ఊడల్ని బాబు ముట్టుకోకుండా చూడండి. చేతికున్న జిడ్డు అంటితే అక్కడ నీరు సరిగా పారదు, సున్నం పేరుకోవడం ఆగి ఆ చోటు నల్లబడుతుంది.

గిన్నెలు కడిగే విషయంలో ఒకటి. చాపరాయి వాగు లాంటి చోట్ల ప్రవాహంలోనే సబ్బు పెట్టి తోముతుంటారు. కొందరు కుంకుడు రసం సహజం కదా అని వాడతారు. కుంకుడులో ఉండే నురుగు పదార్థం చేపల మొప్పల్ని దెబ్బ తీస్తుంది. ఇలాంటి కాయలు దంచి నీళ్లలో కలిపి చేపలు పట్టడం చాలాచోట్ల పాత పద్ధతి. కాబట్టి సబ్బైనా, కుంకుడైనా వాగులోకి వద్దు. గిన్నెని ముందు ఆకుతోనో కాగితంతోనో తుడిచి, బకెట్లో నీళ్లు పట్టుకుని ఒడ్డుకి డెబ్బై ఎనభై అంగలు దూరంగా మట్టి మీద కడిగి పారబోయండి. మట్టి వడకడుతుంది. చాపరాయిలో రాళ్లు నాచు పట్టి బాగా జారతాయి, అక్కడ ప్రాణాలు పోయిన ఘటనలు ఉన్నాయి. పెద్దవాళ్లని, పిల్లల్ని గట్టు మీదే కూర్చోబెట్టండి.

దోమతెర ఉందో లేదో గది తీసుకునేటప్పుడే అడగండి. మన్యంలో మలేరియా ఇంకా ఉంది, చలికాలమని వదిలేయకండి.

---

గోదారిగట్టు:

అందరికీ చాలా థాంక్సండీ. ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. విశాఖలో చుట్టాలింట్లో దిగుతున్నాం, కాబట్టి అన్నం అక్కడే వండుకోవచ్చు. ఇంకో మూడు సందేహాలు. పసుపు పూల తోటల్లో ఫొటోలు తీసుకోవాలని మా ఆవిడకి ఉంది, డిసెంబరుకి ఉంటాయా? కాఫీ పొడి ఎక్కడ కొనాలి? తిరుగు ప్రయాణంలో రాత్రి భోజనం ఎలా?

---

కొండసంత:

అవి వలిసె పూలు. నూనెగింజ పంట, తోట కాదు. అక్టోబరు చివర్నుంచి నవంబరంతా బాగుంటాయి. డిసెంబరు రెండో వారానికి ఎగువన ఆలస్యంగా చల్లిన మళ్లలో కొన్ని మిగులుతాయి, చాలాచోట్ల గింజ పట్టేస్తుంది. చేలోకి దిగి మధ్యలో నిలబడితే ఆ దారి పొడవునా మొక్క విరిగి గింజ పోతుంది. పైగా ఒకరు దిగిన జాడలోనే తర్వాతవాళ్లందరూ దిగుతారు. గట్టు మీద కూర్చుని కెమెరా పువ్వుల ఎత్తుకి దించి తీస్తే చేను మధ్యలో ఉన్నట్టే పడుతుంది. రైతులు కొందరు ఫొటోకి మనిషికింత అని అడుగుతారు. బేరమాడకుండా ఇవ్వండి, ఆ గింజే వాళ్లకి ఆ ఏడాది నూనె. తేనెటీగలు బాగా ఉంటాయి, పాపకి సెంటు, పౌడరు రాయకండి.

కాఫీ అయితే గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి, అరకులో ఉంది, విశాఖలోనూ ఉంది. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లేబుల్ మీద చికోరీ శాతం చూడండి, ఉత్త కాఫీ కావాలంటే సున్నా ఉన్నది. వంద గ్రాముల ప్యాకెట్లు ఐదు బదులు అర కిలోది ఒకటి. ఆ కవర్లు ప్లాస్టిక్, రేకు అతికించినవి, రీసైక్లింగుకి పోవు. గింజగా దొరికితే గింజే కొని ఇంట్లో పట్టించుకోండి, పొడి నెల తిరక్కముందే వాసన దిగిపోతుంది. డిసెంబరు కోతల సీజను, తోటల్లో ఎర్రటి పళ్లు కనబడతాయి. బాబు కోసుకుంటానంటే వద్దనండి, ఒక్కో పండూ కూలీలు చేత్తో కోసేదే.

---

పోపులపెట్టె:

తిరుగు బండి విశాఖకి చేరేసరికి రాత్రి అవుతుందనుకోండి. మధ్యాహ్నం పన్నెండు లోపే బస దగ్గర మీ ఖాళీ డబ్బాలు ఇచ్చి చపాతీలు పద్దెనిమిది, పొడి కూర చెప్పండి. చిలగడదుంప వేపుడో రాజ్‌మా గట్టి కూరో. టమాటా, కొబ్బరి పడిన కూరలు వద్దు, సాయంత్రానికి పులిసిపోతాయి. చపాతీలు చల్లారాకే పేర్చమనండి, వేడి మీద పేరిస్తే అడుగువి తడిసి ముద్దవుతాయి. పులిహోర గుజ్జు ఓ కప్పు పక్కన మిగుల్చుకుంటే బండి మరీ ఆలస్యమైనప్పుడు చపాతీలోకి అదే పచ్చడి. రైలెక్కే ముందు క్యానులో మిగిలిన నీళ్లతో సీసాలన్నీ నింపుకోండి. మామగారి భోజనం మాత్రం శృంగవరపుకోట దాకా ఆగకుండా ఏడింటికల్లా పెట్టేయండి, బండి ఎక్కడున్నా సరే.